మూడో ప్రతివాది

పొగాకు కర్రకి ఆకు అల్లతా ఉండా.
వేళ్ళ నిండా జిగురు.
కందుకూరు కోర్టు అమీనా వచ్చి
బ్యారన్ నీడలో బండి ఆపినాడు.

"కంచర్ల పెంచలమ్మ అంటే ఎవురు?"
ఎవురూ పలకలా.
నేనూ పలకలా.
ఈ ఇంట్లో నేను మాల్యాద్రి పెళ్ళాన్ని,
ఆయన పొయినాక చిన్నోడి పెళ్ళాన్ని,
కూలోళ్ళకి టీ మోసేటప్పుడు ఉత్త "ఒమే"ని.
పెంచలమ్మ బీరువాలో ఉంటది,
రేషను కార్డులో, అడుగు అరలో.
చేతిలో ఉన్న నాలుగాకులూ అల్లిందాకా
అది నేనేనని తట్టలా.

"తీసుకోకపోతే తలుపుకి అంటించి పోతా" అన్నాడు.
నాదని ఒక తలుపు యాడుంది, అంటించేదానికి?
చెయ్యి కొంగుకి తుడుచుకోని సంతకం పెట్టినా.
జిగురుకి కాయితం వేలుకి అతుక్కుంది.
కాసేపు ఆయనా నేనూ దాన్ని చెరో పక్క లాగినాం.

దావా అంటే తప్పు చేసినోళ్ళ మీదనే ఏస్తారనుకుంటి.
చూరు పొడుగ్గా దించి
వాన నీళ్ళన్నీ పక్కోళ్ళ గాదె కిందికి వదిలిన
ఆంజనేయులు మీద ఏసినారు.
నోటు రాసిచ్చి, మూడేళ్ళ గడువు దాటిందాకా
శెట్టికి కనపడకుండా తిరగాలని చూసిన
బత్తుల సింగయ్య మీద ఏసినారు,
ఇంకా రెండు దినాలుందనంగా.
రాత్రికి రాత్రి గోడ జానెడు జరిపినోళ్ళ మీద ఏసినారు.
నేనేం జరిపినా?
పన్నెండేళ్ళు ఈ ఇంట్లో
పడుకునే చాప కూడా జరపలా.

లాయరు గుమాస్తా నవ్వినాడు.
"నువ్వేం చెయ్యబల్లేదమ్మా. భాగం ఉంటే చాలు.
పంపకం దావా ఇది. భాగమున్నోళ్ళు అందరూ ఉండాల.
ఒక్కరిని వదిలేసినా దావా నిలబడదు.
నువ్వు అవసరమైన పక్షం."

అవసరమైన పక్షం.
ఆ మాటని వక్క మాదిరి దవడన పెట్టుకోని
ఊరు చేరిందాకా నమలతా వచ్చినా.

కాయితం వెనక పక్క హద్దులు రాసుండారు.
తూర్పు, డొంక.
దక్షిణం, మన్నేరు గట్టు.
పడమర, చెంచురామయ్య స్వార్జితం.
ఉత్తరం, వేములపాటోళ్ళ శనగ చేను.
ఈ నడుమన రెండెకరాల ఎనబై సెంట్లు,
బ్యారన్ ఒకటి, పెంకుటిల్లు ఒకటి, వేపచెట్లు రెండు.

వేపచెట్లు మూడు.
బ్యారన్ వెనక మూడోది నేను నాటింది.
లాయరుకి చెప్పలా.

ఆ రాత్రి బావ చెంచురామయ్య
"ఎందుకు పెట్టినావు సంతకం" అని అరిచి
పీట మీద కూర్చున్నాడు.
ఒకటో ప్రతివాదికి మూడో ప్రతివాది
అన్నమూ గోంగూర పప్పూ వడ్డించింది.
ఉప్పు చాల్లేదన్నాడు. ఏసినా.

దావా ఏసింది ఆయన చెల్లెలు ఆదిశేషమ్మ.
మర్నాడు పొద్దుగూకినాక దొడ్డి దోవన వచ్చి
పశువుల కొట్టం కాడ నిలబడింది.
"వొదినా, నీ మీద ఏసినానని కోపం పెట్టుకోబాక.
నాయన పొలమంతా పెద్దోడు
వాడి పేరన పాసుబుక్కు చేపిచ్చుకున్నాడు.
నిన్ను వదిలేస్తే నీది గూడా వాడి నోట్లోకే."
ఏం అనాల్నో తెలవలా.
నన్ను లెక్కలోకి తెచ్చిన మొదటి మనిషి
నా మీద దావా ఏసిన మనిషి.
ఎనుము పాలు చెంబుడు పోసిచ్చి పంపినా.

వాయిదా నాడు
కోర్టు వసారాలో బంట్రోతు కేకేసినాడు.
వాది పేరు. ఒకటో ప్రతివాది. రెండో ప్రతివాది.
"కంచర్ల పెంచలమ్మా! కంచర్ల పెంచలమ్మా!"
అంత గట్టిగా నా పేరు
మా అమ్మ గూడా పిలవలా.
"ఉండా" అన్నా.
గొంతు చాల్లేదేమో అనిపించి
మళ్ళీ అన్నా, "ఉండా."

జడ్జీ గారు తలెత్తలా. నెల మీద వాయిదా.

తిరుగు బస్సులో
వాది కిటికీ పక్కన కూర్చుంది, నేను ఆనుకోని.
బావ ముందు సీట్లో, మెడ బిగబట్టుకోని.
ఎవురి ఖర్చులు వాళ్ళే భరించుకోవాలని
తీర్పులో రాస్తారంట.
అది తీర్పొచ్చినప్పుడు చూద్దాం.
రెండు టికెట్లు నేనే తీసుకున్నా.